గురి సరే, గుండ్ల ఖర్చు ఎవరిది?

హైదరాబాదు నుంచి వరంగల్లు వెళ్ళే జాతీయ రహదారిపై జనగామ దాటిన తరువాత రఘునాథపల్లి వస్తుంది. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. మండలంలోని ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉంది. ఏటా ఆగస్టు 18న ప్రభుత్వం ఆయన జయంతిని అధికారికంగా జరుపుతోంది. నాయకులు దండలు వేస్తారు, బహుజన రాజ్యం గురించి ప్రసంగిస్తారు. కల్లుగీత కులంలో పుట్టిన పాపన్న 1708లో వరంగల్ మీద, అదే ఏడాది భువనగిరి మీద దాడి చేశాడు. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల కులాల వారిని కూడగట్టుకున్నాడు. 1709లో బహదూర్ షా ఆయనకు ఖిల్లతు ఇస్తే, గీత కులస్థుడికి రాజలాంఛనమా అని హైదరాబాదు ప్రముఖులు అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది ఆయన తలను ఢిల్లీకి పంపారు. ఇవన్నీ సభల్లో ఎంతో కొంత వినిపించే విషయాలే. అంతగా వినిపించని వివరం ఒకటుంది. దక్కను సామాజిక చరిత్ర రాసిన రిచర్డ్ ఈటన్, పాపన్న ఆయుధ సంపత్తిలో 700 జంట గొట్టాల తుపాకులు ఉన్నట్టు చెబుతాడు. ఆ కాలానికి అవి అత్యాధునికమైనవి.

మూడు వందల ఏళ్ళ తరువాత అదే ఖిలాషాపూర్‌లో గీత కార్మికుడి కొడుకో, మాదిగ వాడలోని ఎనిమిదో తరగతి అమ్మాయో తుపాకి పట్టి గురి చూడటం నేర్చుకోవాలనుకుంటే ఎంతవుతుంది? యుద్ధానికీ కాదు, తిరుగుబాటుకూ కాదు. ఒలింపిక్స్‌లో ఉన్న ఒక ఆటకు, లేదా ఊరికే సరదాకు. ఈ లెక్క వేసి చూడటానికి మన బహుజన చర్చలో ఎవరూ పెద్దగా తీరిక చేసుకోలేదు.

షూటింగ్‌లో అన్నిటికంటే చవకైన విభాగం పది మీటర్ల ఎయిర్ రైఫిల్. గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్‌ను పంపే ఈ తుపాకికి, నిర్ణీత బోరు, శక్తి పరిమితుల్లో ఉన్నంతవరకు, ఆయుధ లైసెన్సు అక్కరలేదు. దేశంలో తయారైన ప్రాథమిక స్థాయి రైఫిల్ పది, ఇరవై వేల రూపాయల నుంచి దొరుకుతుంది. అంతర్జాతీయ పోటీల్లో వాడే జర్మన్ రైఫిల్ రెండు లక్షలు దాటుతుంది. ఒంటిని కదలకుండా పట్టి ఉంచే బిగువైన జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లౌజులు అదనం. ఇదంతా ఒకసారి పెట్టే ఖర్చు, అప్పోసప్పో చేసి పెట్టారనుకుందాం. ఏటేటా పెట్టాల్సింది పెల్లెట్ల ఖర్చు. పోటీలకు పనికివచ్చే పెల్లెట్ ఒకటి రెండు మూడు రూపాయలు పడుతుంది. వారానికి రెండు రోజులు, రోజుకు వంద చొప్పున సరదాగా కాల్చేవారికి ఏడాదికి పదివేల పెల్లెట్లు కావాలి. అంటే ఇరవై నుంచి ముప్పై వేల రూపాయలు. అర్హత పోటీలో అరవై సార్లు కాల్చాలి. పదికి పది పాయింట్లు ఇచ్చే కేంద్ర బిందువు వెడల్పు అర మిల్లీమీటరు. ఆ బిందువుకు చేరాలంటే వారానికి ఐదు రోజులైనా సాధన ఉండాలి. అప్పుడు పెల్లెట్లే ఏడాదికి పాతిక వేలు, ఖర్చు యాభై నుంచి డెబ్బై ఐదు వేలు. రేంజ్ రుసుము, కోచ్ ఫీజు, పోటీల ప్రయాణాలు ఇందులో చేర్చలేదు.

ఎగిరే మట్టి పళ్ళేలను కొట్టే ట్రాప్, స్కీట్ విభాగాలది వేరే లోకం. అక్కడ వాడే ఇటాలియన్ తుపాకి వెల లక్షల్లో ఉంటుంది. తూటా ఒక్కోటి నలభై రూపాయలని తక్కువగా లెక్కవేసినా, వారానికి వంద తూటాలు కాల్చే సరదారాయుడికి ఏడాదికి రెండు లక్షలు తూటాలకే పోతాయి. పోటీదారుడి ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. రూపాయి మారకం, దిగుమతి సుంకం మారినప్పుడల్లా ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయే తప్ప స్థాయి మారదు.

ఇప్పుడు ఈ అంకెల పక్కన రఘునాథపల్లి అంకెలు పెట్టాలి. 2025–26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. అప్పటి చట్టం చెప్పిన వంద రోజుల పనీ పూర్తిగా దొరికిందనుకున్నా ఇంటికి వచ్చేది 30,700 రూపాయలు. వారానికి రెండు రోజులు ఎయిర్ రైఫిల్ కాల్చే సరదారాయుడి పెల్లెట్ల బిల్లు దాదాపు అంతే. మరో అంకె. 2024లో నలభై శాతం పెంచిన తరువాత తెలంగాణ గురుకులాల్లో ఎనిమిది నుంచి పదో తరగతి విద్యార్థికి నెలకు ఇచ్చే డైట్ ఛార్జీ 1,540 రూపాయలు. రోజుకు యాభై ఒక్క రూపాయలు. ఉదయం రెండు గంటల సాధనలో కాల్చే వంద పెల్లెట్ల ఖరీదు, ఆ విద్యార్థి నాలుగైదు రోజులు తినే తిండి ఖరీదుతో సమానం.

ఖరీదైన ఆటలు చాలా ఉన్నాయి, గోల్ఫ్ లేదా, గుర్రపు స్వారీ లేదా, ఇది వర్గ సమస్య, మధ్యలో కులం ఎందుకని అడిగేవారుంటారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే మిగిలిన ఆటల పరికరాలకు లేని చరిత్ర తుపాకికి ఉంది. గోల్ఫ్ కర్రతో ఎవరూ ఊరిని ఏలలేదు.

ఈ ప్రాంతపు చరిత్రే చూద్దాం. వరంగల్ అడవులు నిజాం వేట స్థలాలు. 1902లో వైస్రాయి కర్జన్ నెక్కొండ దగ్గర పులి వేటకు వచ్చాడు. చచ్చిన పులి పక్కన భార్యతో నిలబడిన ఆయన ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగింది. అలాంటి చిత్రాల్లో మధ్యన నిలిచేవాడు తుపాకి పట్టినవాడే. పులిని ఆ తుపాకి ముందుకు తోలినవాళ్ళు చిత్రంలో ఉంటే అంచున ఉంటారు, వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. దొరలు, అధికారులు వేటకు వస్తే మేనా మోయడం, డప్పు కొట్టి జంతువును తోలడం, చచ్చినదాన్ని మోసుకురావడం వెట్టి కులాల వంతు. సరదా ఒకరిది, దాని చాకిరీ మరొకరిది. ఆ సరదా ఖర్చులో పెద్ద భాగం కూలి ఇవ్వని శ్రమ రూపంలో ఊరే భరించింది. తుపాకి క్రీడ వార్షిక వ్యయాన్ని లెక్కవేసేవాళ్ళు ఈ పాత పద్దును కూడా ఒకసారి తిరగేయాలి.

1946 జూలై 4న ఇదే జనగామ ప్రాంతంలోని కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పేల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కొమరయ్య కురుమ. తుపాకి గడీది. తెలంగాణ సాయుధ పోరాటం వేగం అందుకున్నది అక్కడి నుంచే. ఆనాటి ఊళ్ళో తుపాకి ఎవరి ఇంట్లో ఉందో తెలిస్తే భూమి ఎవరిదో అడగనవసరం లేదు.

చట్టం కూడా ఆయుధాన్ని పుట్టుకతో ముడిపెట్టే చూసింది. లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం సామాన్యుల చేతిలోని ఆయుధాలను లైసెన్సు కిందకు తెచ్చి, యూరోపియన్లకూ కొన్ని హోదాల వారికీ మినహాయింపులు ఇచ్చింది. ఆ వారసత్వపు తునక ఒకటి నేటికీ బతికి ఉంది. కొడగులో కొడవలకు, జమ్మా భూముల హక్కుదారులకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. కేంద్రం 2019లో దాన్ని మరో పదేళ్ళు, అంటే 2029 వరకు పొడిగించింది. కర్ణాటక హైకోర్టు సమర్థించింది. పుట్టుక ఆధారంగా తుపాకి హక్కు రాజ్యాంగబద్ధమని ఒప్పుకునే దేశంలో పుట్టుక ఆధారంగా సీటు అనగానే ప్రతిభ గుర్తుకు రావడం విచిత్రమే.

దీనికి ఎదురుగా మరో నిబంధన ఉంది. దళిత విద్యార్థి సంఘాల్లో సైతం దాని గురించి తెలిసినవాళ్ళు తక్కువ. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. అత్యాచారాలు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులను రాష్ట్ర ప్రభుత్వం అవసరమైతే రద్దు చేయవచ్చు, ప్రాణ రక్షణ, ఆస్తి రక్షణ కోసం ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వవచ్చు. ఊళ్ళో తుపాకికి కులం ఉంటుందని పార్లమెంటు చట్టం కింద ప్రభుత్వమే రాసిపెట్టిన మాట ఇది. ప్రతి దళితుడి చేతికీ తుపాకి ఇవ్వాలని ఈ వ్యాసం అడగడం లేదు. ఆయుధం ఎవరి దగ్గర పోగుపడి ఉందో రాజ్యానికి తెలుసు అని మాత్రమే చెబుతోంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటకు తలుపులు మూసేసింది. రేంజ్ తలుపులు మాత్రం తెరిచే ఉన్నాయి. జాతీయ రైఫిల్ సంఘం 1951లోనే ఏర్పడింది, మొదటి లోక్‌సభ స్పీకర్ మావలంకర్ దాని వ్యవస్థాపకుడు. తొలి దశాబ్దాల్లో ఈ ఆటలో వెలిగిన పేర్లు చూస్తే దాని పుట్టిల్లు ఏదో తెలుస్తుంది. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ 1960 నుంచి 1980 మధ్య ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. ఆయన తరువాత పటియాలా రాజకుటుంబానికి చెందిన రణధీర్ సింగ్. వాళ్ళ నైపుణ్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. ఆ నైపుణ్యానికి పునాది వేట బంగళాల్లో, తరతరాల తీరికలో పడిందన్నది కూడా దాచనక్కరలేదు. 2008లో స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రాకు ఇంటి ఆవరణలోనే రేంజ్ ఉండేది.

మన హైదరాబాదు గగన్ నారంగ్ కథ దీనికి భిన్నమని చెబుతారు. 2012 లండన్‌లో కాంస్యం గెలిచినప్పుడు పత్రికలన్నీ రాశాయి. కొడుకు రైఫిల్ కోసం తల్లిదండ్రులు స్థలం అమ్ముకుని ఏళ్ళ తరబడి అద్దె ఇంట్లో ఉన్నారు. త్యాగమే, కాదనలేం. కానీ త్యాగం చేయడానికి కూడా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. అమ్మడానికి నగరంలో స్థలం ఉన్న కుటుంబాలు ఏ కులాల్లో ఎన్ని ఉంటాయో తెలంగాణ పాఠకులకు వివరించనక్కరలేదు. ఖిలాషాపూర్ గీత కార్మికుడు అమ్ముకోగలిగింది ఏమిటి? తాటిచెట్టు అతని సొంతం కాదు.

ఏకలవ్యుడిని ఇక్కడ తలుచుకోవడం మనకు అలవాటు. ఇప్పుడు ద్రోణుడు బొటనవేలు అడగనక్కరలేదు, బిల్లు చూపిస్తే చాలు.

అయితే ఈ ఆటలో గత ఇరవై ఏళ్ళలో వచ్చిన మార్పును చూడకపోతే మన విశ్లేషణ కుంటిదవుతుంది. 2012లోనే రజతం గెలిచిన విజయ్ కుమార్ అప్పుడు సైన్యంలో సుబేదార్. 2024 పారిస్‌లో యాభై మీటర్ల రైఫిల్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూర్ జిల్లా పల్లెటూరి ఉపాధ్యాయుడి కొడుకు, అప్పుడు రైల్వేలో టికెట్ కలెక్టర్. అదే పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచిన మను భాకర్ శిక్షణకు సుమారు రెండు కోట్లు ఖర్చు చేశామని కేంద్ర క్రీడా మంత్రే చెప్పారు. పారిస్ సన్నాహాల్లో ఒక్క షూటింగ్ మీదే కేంద్రం అరవై కోట్లకు పైగా వెచ్చించింది. తూటా ఖర్చు సైన్యమో, రైల్వేనో, ఖజానానో భరించిన చోట రాజకుటుంబాల గుత్తాధిపత్యం పలచబడింది. గురి నెత్తుటిలో ఉంటుందన్న నమ్మకాన్ని పోగొట్టడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

చిక్కు ఎక్కడుందంటే, ఖజానా ఈ ఆటలోకి దిగే సమయంలో. పతకం వచ్చాక, లేదా వచ్చేలా ఉందని తేలాక డబ్బు వస్తుంది. పన్నెండేళ్ళ వయసులో మొదటి రైఫిల్ పట్టుకున్న రోజు నుంచి జాతీయ పోటీల అర్హత స్కోరు చేరేదాకా, మూడు నాలుగేళ్ళ పెల్లెట్ల బిల్లు కుటుంబానిదే. జల్లెడ పట్టేది ఆ మూడు నాలుగేళ్ళే. జల్లెడ దాటి వచ్చినవారికే ప్రభుత్వ సాయం. 2022లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు షూటర్ ఈషా సింగ్‌కు రెండు కోట్ల నగదు, ఇంటి స్థలం ప్రకటించింది. మరుసటి ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ బహుమతికి ఆమె అర్హురాలే. పెల్లెట్‌కు మూడు రూపాయల లెక్కన అదే రెండు కోట్లు ఇంకో రెండు వందల అరవై మంది పిల్లల ఏడాది పూర్తిస్థాయి సాధనకు సరిపోతాయన్నది కూడా అంతే నిజం. ఒకటి ఇచ్చినందుకు తప్పుపట్టడం లేదు, రెండోది ఆలోచనలోకి కూడా రానందుకు అడుగుతున్నాం.

సరదా సరదాగానే మిగిలిపోతే ఇంత చర్చ అనవసరం. కానీ ఈ సరదా సర్టిఫికెట్ అవుతుంది. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో రెండు శాతం, వృత్తివిద్యా కోర్సుల్లో అర శాతం క్రీడాకారుల కోటా ఉంది. షూటింగ్ ఆ క్రీడల్లో ఒకటి. రాష్ట్ర, జాతీయ పోటీల్లో స్థానం సంపాదించిన విద్యార్థికి సీటులో, ఉద్యోగంలో ప్రాధాన్యం దొరుకుతుంది. కబడ్డీలో, పరుగులో ఈ కోటాకు పోటీపడే పల్లె పిల్లల సంఖ్య వేలల్లో ఉంటుంది. ఏటా అరలక్ష ఖర్చు పెట్టగలిగినవాళ్ళే దిగే ఆటలో పోటీ సహజంగానే పలచగా ఉంటుంది. మైదానంలో చెప్పులు లేకుండా పరుగెత్తిన పిల్లకూ, ఏసీ రేంజ్‌లో కాల్చిన పిల్లకూ ఒకే కోటా. రెండోదాన్ని ప్రతిభ అనీ, ఎస్సీ రిజర్వేషన్‌ను రాయితీ అనీ పిలిచే నాలుకలకు ఈ పెల్లెట్ల బిల్లు చూపించాలి. డబ్బు పెట్టి కొన్న సాధన ప్రతిభ అయినప్పుడు, డబ్బు లేనివారికి ప్రభుత్వం కొనిచ్చిన సాధన కూడా ప్రతిభే అవుతుంది.

అలా కొనిచ్చి చూసిన అనుభవం మన రాష్ట్రానికి ఉంది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఒకరు గిరిజన బాలిక, మరొకరు దళిత బాలుడు. షూటింగ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన సాహసం పర్వతారోహణ. వాళ్ళు తాడు పట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద, పాపన్న ముట్టడించిన ఆ కోట గుట్ట మీదే.

తిండికే సరిగా దిక్కులేని గురుకులాల్లో తుపాకులేమిటని కొందరు కోప్పడతారు. కలుషితాహారంతో పిల్లలు ఆసుపత్రుల పాలవుతున్న వార్తలు చదివినప్పుడు ఈ కోపం నాకూ కలుగుతుంది. లెక్క ప్రకారం చూసినా, ఇరవై మంది పిల్లలకు వారానికి రెండు రోజుల సాధన చేయిస్తే పెల్లెట్లకే ఏడాదికి ఆరు లక్షలు. తలకు ముప్పై వేలు, అంటే ఆ విద్యార్థి పది నెలల తిండి ఖర్చుకు రెట్టింపు. కనుక దీన్ని ప్రతి గురుకులంలో పెట్టమనడం, డైట్ ఛార్జీలోంచి తీయమనడం అవివేకం. కానీ ముందు తిండి, తరువాత ఆట అన్న వాదన పేదల విషయంలోనే ఎందుకు వినిపిస్తుందో ఆలోచించాలి. ఆ క్రమం పాటించి ఉంటే పూర్ణ కొండ ఎక్కేది కాదు. ఉమ్మడి జిల్లాకు ఒక గురుకులాన్ని ఎంచుకుంటే పది కేంద్రాలకు పెల్లెట్ల ఖర్చు ఏడాదికి అరవై లక్షలు. నేర్చుకునే దశలో దేశీయ పెల్లెట్లు వాడితే ఇంకా తగ్గుతుంది. ఇది క్రీడా శాఖ పద్దులోంచి రావాల్సిన డబ్బు. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కూడా ఉంది. ఆ నిధిని రోడ్లకూ సాధారణ పథకాలకూ చూపించి లెక్క సరిచేసే అలవాటు కంటే ఈ వాడకం దాని పేరుకు దగ్గరగా ఉంటుంది.

దొరల సరదా మనకెందుకు, మన ఆటలు మనకు లేవా అనే మిత్రులూ ఉన్నారు. వారి అభిమానం అర్థమవుతుంది. అయినా ఏ ఆట మనది, ఏది కాదు అన్న విభజన గడీల నుంచి వచ్చిందే. పరుగు మనకు, గురి వాళ్ళకు అని ఒప్పుకుంటే వెట్టి నాటి పంపకాన్నే మనం కొనసాగించినట్టవుతుంది. తుపాకి మీద మోజుతో ఈ మాట అనడం లేదు. జాబితాలో ఉన్న ఆటకు ఉద్యోగం ఉన్నప్పుడు, ఆ ఆట దగ్గరకు చేరే దారి గురించి అడగక తప్పదు.

ముందుగా ఒక చిన్న పని చేయవచ్చు. 2024 నవంబరులో రాష్ట్రం ఇంటింటి కులగణన చేసింది. బీసీలు యాభై ఆరు శాతానికి పైగా, ఎస్సీలు పదిహేడు శాతానికి పైగా, ఎస్టీలు పది శాతానికి పైగా ఉన్నారని ప్రకటించింది. గత పదేళ్ళలో క్రీడా కోటాలో సీట్లు, ఉద్యోగాలు పొందినవారి వివరాలను ఆటల వారీగా, సామాజిక వర్గాల వారీగా ప్రకటించడానికి ఆ ప్రభుత్వానికి కొత్త సర్వే ఏదీ అక్కరలేదు. ఆ దరఖాస్తులు, కుల ధ్రువపత్రాలు కార్యాలయాల్లోనే ఉన్నాయి. 2025లో ప్రకటించిన క్రీడా విధానానికి ఆ పట్టికను అనుబంధంగా చేర్చితే, ఏ ఆటకు ఎవరి ఖర్చు ప్రభుత్వం భరించాలో చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.

రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ షూటింగ్ రేంజ్ గచ్చిబౌలిలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. ఖిలాషాపూర్ నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాలి. పది మీటర్ల రేంజ్‌కు మాత్రం బడిలో ఒక పొడవాటి గది, గట్టి వెనుక గోడ, శిక్షణ పొందిన కోచ్, పది దేశీయ రైఫిళ్ళు, తాళం వేసే బీరువా, ఏడాదికి రెండు లక్షల పెల్లెట్లు చాలు. వచ్చే ఆగస్టు 18న కోట దగ్గరకు దండలతో వచ్చే మంత్రుల చేతికి రఘునాథపల్లి విద్యార్థి సంఘాలు ఇవ్వదగిన వినతిపత్రం ఈ ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది.